పొగ ఓడ, బొగ్గు పొయ్యి, మన గోదారి

ఈ సంచికకు ఏం రాయాలా అని కోరుకొండలో కూర్చుని మాట్లాడుకున్నప్పుడు, ఎప్పటిలాగే పితూరీల గురించి రాద్దాం అన్నవాళ్ళే మాలో ఎక్కువ. ఒక్కరు మాత్రం అడ్డు తగిలారు. "పితూరీల గురించి ఏటా రాస్తూనే ఉన్నాం. వాటిని అణచడానికి సర్కారు మనుషులు కొండల్లోకి ఎలా వచ్చారో, ఏది ఎక్కి వచ్చారో ఎప్పుడైనా రాశామా?" అన్నారు. ఎవరి దగ్గరా జవాబు లేదు. గుర్రాలెక్కి వచ్చారని ఒకరు, నడిచి వచ్చారని ఒకరు అన్నారు. రెండూ నిజమే. కానీ మూడో దారి ఒకటుంది. అది మన ఊళ్ళ ముందు నుంచే పోయేది. గోదావరి.

ఆ దారిలో వచ్చినది ఆవిరి పడవ. మన పెద్దలు రైలును పొగబండి అన్నట్టే దీన్ని పొగ ఓడ అన్నారు. రాజమండ్రి వాళ్ళు స్టీమరు అన్నారు. ఇనుప పెట్టెలో నీళ్ళు పోసి, కింద నిప్పు పెట్టి, ఆ ఆవిరితో వరదకు ఎదురు నడిచే ఈ యంత్రం గురించి మన పిల్లలు బడిలో ఒక్క వాక్యమైనా చదవరు. అందుకే ఈసారి దాని గురించి రాస్తున్నాం. అది ఎందుకు వచ్చింది, మనకేం చేసింది అన్నది ఒక సగం. అది ఎలా నడిచేది, ఎక్కడ మొండికేసేది అన్నది రెండో సగం. రెండోది తెలియకపోతే మొదటిది సగమే అర్థమవుతుందని మా నమ్మకం.

ముందు మా ఊరి సంగతి ఒక మాట. కోరుకొండ నది ఒడ్డున లేదు. రాజమండ్రి నుంచి గోకవరం మీదుగా రంపచోడవరం ఎక్కే దారిలో, మైదానం అయిపోయి కొండలు కనిపించడం మొదలయ్యే చోట ఉంది. చదువుకని, పనికని మన్యం నుంచి దిగి వచ్చిన కోయ, కొండరెడ్డి, కొండకమ్మర కుటుంబాలకు ఇది మొదటి మజిలీ. ఇంకొక సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1858లో తెల్లవాళ్ళ మీద తిరగబడి ఉరికంబం ఎక్కిన కారుకొండ సుబ్బారెడ్డిని కొందరు కోరుకొండ సుబ్బారెడ్డి అని రాసి మా ఊరికి అంటగడుతుంటారు. ఆయనది పోలవరం వైపు, గోదారి ఒడ్డు కొరటూరు. మాకు ఆ గౌరవం దక్కితే సంతోషమే గానీ, నిజం నిజమే.

ఇక అసలు విషయం. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలైంది. 1852కి పూర్తయింది. కట్టించిన ఆర్థర్ కాటన్ పేరు మైదానంలో ఇంటింటా తెలుసు. ఆయనకు సాగునీటి మీద ఎంత ధ్యాస ఉందో పడవ దారుల మీద అంతే ఉండేదన్నది మాత్రం తక్కువమందికి తెలుసు. రైలు పట్టాల కంటే నీటి దారి చౌక అని ఆయన జీవితాంతం వాదించాడు. ఆనకట్టకు పైన గోదావరిని కూడా పడవలకు అనువుగా చేస్తే, నాగపూరు, బేరారు వైపు పండే పత్తి నదిమీదుగా సముద్రానికి చేరుతుందన్నది ఆలోచన. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోయేసరికి, ఇంగ్లండు మిల్లులకు ఈ ఆలోచన ఇంకా రుచించింది.

దారిలో అడ్డం రాళ్ళు. నదిలో మూడు చోట్ల రాతి మెట్లున్నాయి. మొదటిది భద్రాచలం పైన దుమ్ముగూడెం దగ్గర, రెండోది ఇంద్రావతి కలిసే చోటికి దగ్గరగా ఇచ్చంపల్లి వద్ద, మూడోది ఇంకా పైన ప్రాణహిత మీద. హేగ్ అనే సైనిక ఇంజనీరు ఆధ్వర్యంలో అక్కడ ఆనకట్టలు, కాలువలు, పడవలను మెట్టు మీద మెట్టు ఎక్కించే లాకులు కట్టడం మొదలుపెట్టారు. ఇదంతా కోయల నేల. జ్వరాల నేల కూడా. మైదానం నుంచి తెచ్చిన కూలీలు మన్యం జ్వరానికి కుప్పకూలారు. 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూరు చేరింది. అంటే పత్తికి వేరే దారి దొరికింది. 1871లో గోదావరి పనులు ఆపేశారు. దుమ్ముగూడెం వైపు వెళ్ళినప్పుడు ఆ పాత ఆనకట్టను, లాకు గోడలను చూడండి. ఎవరో మధ్యలో వదిలేసి పోయిన ఇల్లులా ఉంటాయి.

పత్తి కోసమని తెరిచిన ఆ నీటి దారి పత్తికి పనికిరాలేదు. ఎనిమిదేళ్ళ తర్వాత పోలీసులకు పనికొచ్చింది.

1879 మార్చిలో రంప పితూరీ లేచింది. కారణాలు మీరు విన్నవే. కల్లు మీద కొత్త పన్ను, మన్సబుదారు వసూళ్ళు, పోలీసుల దాష్టీకం, మైదానం వ్యాపారులు వేసే కోర్టు దావాలు. నిప్పు చోడవరం నుంచి రేకపల్లి వైపు పాకింది. ఆ ప్రాంతం 1874 దాకా మధ్యపరగణాల కింద ఉండేది. మద్రాసు సర్కారు చేతికి వచ్చాక పోడు శిస్తు పెరిగింది, కొన్ని అడవుల్లో పోడే కూడదన్నారు. అక్కడ అంబుల్ రెడ్డి దళం వడ్డిగూడెం పోలీసు స్టేషను మీద పట్టపగలే విరుచుకుపడింది. నదిలో ఉన్న పోలీసుల ఆవిరి పడవను వెనక్కి తరిమింది. బాణాలు, నాటు తుపాకులు పట్టుకున్న కొండవాళ్ళు పొగ ఓడను తరిమారు! ఈ ఒక్క ముక్క మన పాటల్లోకి ఎందుకు ఎక్కలేదో మాకు అర్థం కాదు.

అది ఎక్కువ రోజులు నిలవలేదు, నిజమే. మద్రాసు నుంచీ హైదరాబాదు నుంచీ సైన్యం దిగింది. 1880లో ద్వారబంధాల చంద్రయ్య, తమ్మన్నదొర ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. గోదారి ఒక్కదానికే ఇలా జరిగిందని కూడా అనుకోకండి. 1823లో కలకత్తాలో నీళ్ళలోకి దించిన డయానా అనే ఆవిరి పడవ, మరుసటేడే బర్మా యుద్ధానికి వెళ్ళి ఐరావతి నదిమీద ఎదురెక్కింది. 1840ల నాటికి చైనా నదుల్లో నెమెసిస్ అనే ఇనుప ఓడ ఫిరంగులు మోసింది. గాలితో పనిలేకుండా నదికి ఎదురు నడిచే యంత్రం చేతిలో ఉంటే దేశం లోపలికి దూరడం ఎంత సులువో వాళ్ళు ఆ నదుల మీద నేర్చుకున్నారు. వడ్డిగూడెం ముందు నిలిచిన చిన్న పడవ ఆ వరసలో మరొకటి.

ఇప్పుడు రెండో సగం. ఆ పడవ లోపలికి వెళదాం.

ఇంట్లో అన్నం ఉడుకుతున్నప్పుడు మూత ఎగరడం చూశారు కదా. నీరు ఆవిరైతే మామూలు గాలి ఒత్తిడిలో దాదాపు 1,600 రెట్లు చోటు అడుగుతుంది. ఆ చోటు ఇవ్వకుండా ఇనుప పెట్టెలో బంధిస్తే ఆ పెనుగులాటే బలం. చిన్న పడవ బాయిలర్‌లో చదరపు అంగుళానికి 100 పౌన్ల ఒత్తిడి పెట్టారనుకోండి, లోపల నీరు 170 డిగ్రీల వేడి మీద ఉంటుంది. బయటికి వదిలిన క్షణంలో భగ్గున ఆవిరైపోయే నీరు అది. అందుకే బాయిలర్ పేలితే పడవ మిగలదు.

చల్లారిన బాయిలర్‌ను లేపడానికి గంటన్నర, రెండు గంటలు పడుతుంది. తెల్లవారి బయలుదేరాలంటే నిప్పు వేసేవాడు కోడి కూయకముందే లేవాలి. లేచి ముందు చూడాల్సింది నిప్పు కాదు, నీరు. నిలువు గాజు గొట్టంలో నీటి మట్టం సగానికి ఉందా లేదా? ఉంటేనే అగ్గిపుల్ల. సన్న కట్టెలతో మొదలుపెట్టి, మంట పట్టాక బొగ్గు కొంచెం కొంచెంగా పరవాలి. తొందరపడి మండించకూడదు. రేకులు, గొట్టాలు ఒక్కలా వేడెక్కకపోతే అతుకులు కారతాయి. ఇది కుండ కాల్చేవాళ్ళకు చెప్పక్కరలేదు.

మన కొండకమ్మరుల పిల్లలకైతే సగం పాఠం ముందే వచ్చు. కొలిమిలో తిత్తి ఊదకపోతే ఇనుము ఎర్రబడదు. పడవలో తిత్తి ఎవరు ఊదాలి? అందుకు ఒక చమత్కారం చేశారు. ఇంజను సిలిండర్‌లో పని అయిపోయిన ఆవిరిని పొగగొట్టంలోకి సన్నని ముక్కుతో వదులుతారు. అది పైకి దూసుకుపోతూ వెనకాల పొగను లాక్కుపోతుంది. ఆ లాగుడుకు పొయ్యి అడుగు నుంచి కొత్త గాలి వస్తుంది. పొగ ఓడ చుఫ్ చుఫ్ అనేది ఇందుకే. ప్రతి చుఫ్ ఒక తిత్తి ఊదు. ఇంజను ఎంత వేగంగా తిరిగితే పొయ్యి అంత రాజుకుంటుంది. సముద్రపు ఓడలు ఆ ఆవిరిని మళ్ళీ నీరు చేసి దాచుకోవాలి, ఉప్పునీరు బాయిలర్‌కు పనికిరాదు కనుక. నది పడవకు ఆ బెంగ లేదు. చుట్టూ మంచినీళ్ళే.

మంచినీళ్ళే కానీ, ఏ నీళ్ళు? ఇక్కడే గోదారి తన తడాఖా చూపిస్తుంది.

ఎండాకాలం గోదారి అద్దంలా ఉంటుంది, కానీ లోతు ఉండదు. ఇసుక తిప్పల మధ్య పడవ దారి ఏటికేడు మారిపోతుంది. వానాకాలం లోతు ఉంటుంది, కానీ నీరు ఎర్రమట్టి చారు. పడవ బాగా నడిచే కాలమే బాయిలర్ చెడిపోయే కాలం. ఆ ఎర్రనీరు లోపలికి పోతే నీరు ఆవిరైపోతుంది, మట్టి మిగిలిపోతుంది. రేకు మీద పొరగా పేరుకుంటుంది. నిప్పుకీ నీటికీ మధ్య గోనెపట్టా కప్పినట్టు. అటువైపు ఇనుము నీరు తగలక కాగిపోతుంది, మెత్తబడి ఉబ్బుతుంది. అందుకే అడుగున ఒక కుళాయి ఉంటుంది. రోజూ దాన్ని కాసేపు తెరిచి అడుగు మట్టిని ఆవిరి బలంతోనే బయటికి ఊదేయాలి. కొన్ని రోజులకొకసారి నిప్పు ఆర్పి, చల్లారనిచ్చి, మూతలు విప్పి లోపల కడగాలి. వరద రోజుల్లో ఇంకా తరచుగా. తీరిక లేదని ఈ కడుగుడు వాయిదా వేసినవాడి బాయిలర్ ఎక్కువ కాలం బతకదు.

మట్టినీరు ఇంకో పని కూడా చేస్తుంది. నురగ కడుతుంది. పాలు పొంగినట్టు బాయిలర్‌లో నీరు పొంగి ఆవిరితో పాటు ఇంజనులోకి పోతుంది. గుర్తు ఏమిటంటే, పొగగొట్టంలోంచి మురికి నీటి తుంపర్లు పడతాయి, సిలిండర్‌లో ఠక్ ఠక్ మని సుత్తి దెబ్బలు వినిపిస్తాయి. ఆవిరి నొక్కితే నలుగుతుంది, నీరు నలగదు. పిస్టనుకీ మూతకీ మధ్య నీరు చిక్కితే మూత పగలాల్సిందే. అప్పుడు సరంగు ఏం చేయాలి? ఆవిరి తలుపు మెల్లగా మూయాలి. సిలిండర్ కింద చిన్న కుళాయిలు తెరవాలి. పొంగు అణగాక గాజులో అసలు మట్టం ఎంతో చూసుకోవాలి. నీరు మరీ ఎక్కువ పోసుకున్నా, ఆవిరి తలుపు ఒక్కసారిగా బార్లా తెరిచినా ఇదే జరుగుతుంది. పొద్దున బయలుదేరేటప్పుడు ఆ చిన్న కుళాయిలు తెరిచే ఉంచాలన్నది మొదటి రోజు చెప్పే పాఠం. చల్లని సిలిండర్‌లో ఆవిరి నీరైపోతుంది కదా.

ఆవిరి పైకి లేవకపోతే? పొగ రంగు చూడాలి. నల్లగా దట్టంగా వస్తుంటే బొగ్గు ఎక్కువై గాలి చాలడం లేదని. పొయ్యి మీద బొగ్గు ఒకచోట గుట్టగా, ఇంకోచోట బోసిగా ఉన్నా లాభం లేదు. బోసి చోటు నుంచి చల్లగాలి జొరబడి వేడిని మింగేస్తుంది. చిన్న పొయ్యికి అయిదారు అంగుళాల మందంలో సమంగా పరిచి, కొద్దికొద్దిగా, తరచుగా వేయాలి. బొగ్గులో బూడిద ఎక్కువైతే కరిగి గాజుగడ్డలా కమ్మీల మధ్య గట్టిపడుతుంది. దాన్ని చిట్టెం అంటారు. పొడవాటి ఇనుప కడ్డీతో పెకలించి లాగేయాలి, అదీ పొయ్యి తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంచకుండా. ఆ వేడి ముందు చొక్కా గుండీలు కూడా కాలతాయి.

మన సింగరేణి బొగ్గు ఇలాంటి బూడిద ఎక్కువున్న రకమే. ఇక్కడ చరిత్ర ఒక వెక్కిరింత చేసింది. పైగోదావరి పనులు ఆపేసిన ఆ 1871లోనే, విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గు గుర్తించాడు. 1889కల్లా తవ్వకం మొదలైంది. బుట్టాయగూడెం వైపు బెడదనూరు దగ్గర కూడా బొగ్గుందని తేలింది. అంటే పొగ ఓడలకు కావలసిన తిండి కోయల కాళ్ళ కిందే ఉంది. అది తెలిసేసరికి ఓడల పెద్ద కల ముగిసిపోయింది. అంతకుముందు ఈ ఒడ్డుకు బొగ్గు రావాలంటే సముద్రం మీద, బెంగాలు నుంచో ఇంగ్లండు నుంచో రావాలి. బొగ్గు దొరకని నదుల మీద లోకమంతటా ఆవిరి పడవలు కట్టెలే తిన్నాయి. మంచి బొగ్గు ఒక మణుగు ఇచ్చే వేడికి కట్టె రెండు మణుగులకు పైగా కావాలి. అంత కట్టె పడవలో పట్టదు. ఒడ్డున అక్కడక్కడ కొట్టి, ఎండబెట్టి, పేర్చి ఉంచాలి. నది ఒడ్డున ఆవిరి తిరిగితే అడవి తరుగుతుంది. పోడు కొట్టేవాడిని అడవి దొంగ అన్న కాలంలోనే ఇదంతా జరిగిందని మరచిపోవద్దు.

ఇక అన్నిటికంటే పెద్ద భయం, నీరు తగ్గడం. గాజులో నీరు కనబడకుండా పోతే లోపల పొయ్యి పైకప్పు రేకు బయటపడి ఉండొచ్చు. కంగారులో ఎవరికైనా మొదట తోచేది చన్నీళ్ళు తోడి పోయడం. అదే ప్రాణం తీస్తుంది. ఎర్రగా కాగిన రేకు మీద నీరు పడితే ఒక్కసారిగా లేచే ఆవిరిని ఆ మెత్తబడిన రేకు ఆపలేదు. చేయాల్సింది నిప్పును చంపడం. బూడిదో, తడి మట్టో, తడి బొగ్గో పొయ్యి నిండా కప్పేసి, గాలి తలుపులు మూసి, దూరంగా జరిగి చల్లారనివ్వాలి. బాయిలర్ చేసినవాళ్ళు ఈ పొరపాటు జరుగుతుందని ముందే ఊహించి పొయ్యి పైకప్పులో తేలిగ్గా కరిగే లోహపు బిరడా ఒకటి పెడతారు. నీరు తగ్గితే అది కరిగి, ఆ రంధ్రంలోంచి ఆవిరి పొయ్యిలోకి దూకి నిప్పును అణుస్తుంది. మట్టి పేరుకుంటే ఆ బిరడా కూడా సరిగా పనిచేయదు. మళ్ళీ కడుగుడు దగ్గరికే వచ్చాం.

గాజు అబద్ధం చెబుతుందా? చెబుతుంది. కింది దారి మట్టితో మూసుకుపోతే, బాయిలర్‌లో నీరు తగ్గిపోతున్నా గాజులో మట్టం అలాగే నిలబడి ఉంటుంది. పడవలో దీన్ని పట్టుకునే ఉపాయం ఒకటుంది. పడవ ఊగుతుంటే గాజులో నీరు కూడా ఊగాలి. పడవ ఊగుతున్నా గాజులో నీరు కదలకుండా ఉంటే దాన్ని నమ్మకూడదు. కింద కుళాయి తెరిచి గాజును ఊదాలి. మూయగానే నీరు చటుక్కున పైకి లేస్తే దారి బాగున్నట్టు. నింపాదిగా పాకుతూ లేస్తే మూసుకుపోతున్నట్టు.

ఇది మేము పుస్తకంలో చదివి రాస్తున్నది కాదు. మాలో ఒకతను ఈ చుట్టుపక్కల ఒక రైస్ మిల్లులో ఊక పొయ్యి బాయిలర్ దగ్గర రెండేళ్ళు పనిచేశాడు. అతనికి ఎవరూ ఏమీ నేర్పలేదు. ఊక వేయి, గాజు చూడు, అంతే. ఒక రాత్రి గంటల తరబడి గాజులో నీరు ఒకే గీత మీద ఉంది. "బాగుంది కదా అని బీడీ ముట్టించాను" అన్నాడు. తెల్లవారుజామున మిల్లుకు వచ్చిన ముసలాయన ఒకరు, పూర్వం ఎక్కడో ఫ్యాక్టరీలో ఫైర్‌మన్‌గా చేసినాయన, గాజు వైపు ఒక్క చూపు చూసి కుళాయి తిప్పారు. నీరు కిందికి పోయి మళ్ళీ లేవలేదు. ఆయన ఏమీ అనకుండా ఊక ఆపించి, పొయ్యి నిండా బూడిద కప్పించి, అందరినీ బయటికి పంపేశారట. ఆ రోజు ఏమీ కాలేదు. మిల్లు పేరు మేము రాయం. కానీ కబురు విన్న రోజు మా అందరి కాళ్ళూ చల్లబడ్డాయి, ఎందుకంటే మన కుర్రాళ్ళు చాలామంది అలాంటి పొయ్యిల ముందే ఉన్నారు.

చట్టం 1923 నుంచే ఉంది. బాయిలర్ నడిపేవాడికి ధ్రువపత్రం ఉండాలని, బాయిలర్‌ను ఏటా తనిఖీ చేయాలని. 2025లో దాని స్థానంలో పార్లమెంటు కొత్త చట్టం తెచ్చింది. బాయిలర్ అటెండెంటు పరీక్షలో మొదటి తరగతి, రెండో తరగతి అని రెండున్నాయి. అడిగేది ఇదే. నీరు తగ్గితే ఏం చేస్తావు, గాజును ఎలా పరీక్షిస్తావు, నురగ వస్తే ఏం చేస్తావు. నూట నలభై ఏళ్ళ కిందటి పొగ ఓడ ఫైర్‌మన్‌కు ఎదురైన ప్రశ్నలే.

పడవ దగ్గరికి తిరిగి వద్దాం, ఇంకా రెండు మూడు చిక్కులున్నాయి. బాయిలర్‌కు నీరెక్కించడానికి ఇంజెక్టరు అనే చిన్న ఇత్తడి సాధనం ఉంటుంది. అందులో కదిలే భాగాలే లేవు. ఆవిరినే వాడుకుని నీటిని అదే బాయిలర్‌లోకి నెడుతుంది. మొదటిసారి వింటే గారడీ అనిపిస్తుంది. అది వేడెక్కితే పనిచేయదు. పైన తడిగుడ్డ కప్పి చన్నీళ్ళు పోస్తే మళ్ళీ లేస్తుంది. నీరు పీల్చే గొట్టంలో ఇసుక చిక్కినా, ఎక్కడైనా గాలి దూరినా మొండికేస్తుంది. అందుకే తెలివైనవాడు ఇంజెక్టరుతో పాటు చేతి పంపు కూడా ఉంచుకుంటాడు. ఒకే సిలిండర్ ఇంజనైతే కొన్నిసార్లు ఆగినప్పుడు పిస్టను సరిగ్గా చివర నిలబడిపోతుంది. ఎంత ఆవిరి వదిలినా కదలదు. అప్పుడు ఆవిరి మూసి, చక్రాన్ని ఇనుప గడతో కొంచెం తిప్పి, చేయి తీసి, మళ్ళీ వదలాలి. ఆవిరి మూయకుండా తిప్పబోయి చేతులు పోగొట్టుకోవద్దని ప్రతి పాత ఫైర్‌మనూ చెప్పేమాట.

ఇసుకలో ఎక్కితే చిక్కు ఇంకో రకం. ఇంజను ఆగింది, పొయ్యి ఆగలేదు. ఒత్తిడి పెరిగిపోతుంది. రక్షణ కవాటం ఈల వేస్తూ ఆవిరిని వదిలేస్తుంది. ఆ ఈల భరించలేక కవాటం మీద బరువు పెట్టినవాళ్ళు లోకంలో చాలామంది చచ్చారు. పొయ్యి తలుపు తెరిచి, కింద గాలి మూసి, బాయిలర్‌లోకి కొత్త నీరు ఎక్కించాలి. తర్వాత గెడలు తీసుకుని మనుషులు దిగాలి. ఎంత గొప్ప ఇంజనైనా తిప్పమీద ఎక్కిందంటే చివరికి దించేవి వెదురు గెడలూ, భుజాలూ. తిప్ప ఎక్కడుందో ముందే చెప్పగలిగేవాడు కావాలి. ఏ ఒడ్డున సుడి, ఎక్కడ రాయి, ఏ మలుపులో నీరు కిందనుంచి తోస్తుంది అన్నవి యంత్రం చెప్పదు. దోనెల మీద పుట్టిపెరిగినవాళ్ళకు తెలుసు.

ఆ జ్ఞానం ఎవరిదో 2019 సెప్టెంబరు 15న లోకం చూసింది. పాపికొండలకు వెళ్ళే టూరిస్టు బోటు దేవీపట్నం దగ్గర కచ్చులూరు మందం వద్ద వరదలో తిరగబడింది. ఎంతోమంది పోయారు. బతికిన 26 మందిని నీళ్ళలోంచి లాగింది ఒడ్డునున్న మన గిరిజన పల్లెల వాళ్ళు, తమ చిన్న పడవల్లో వెళ్ళి. మందం అంటే నీరు సుడులు తిరిగే చోటని వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. రోజూ దాటేవాళ్ళు కనుక తెలుసు.

డీజిలు ఇంజను వచ్చాక బొగ్గు పొయ్యి పడవలు గోదారి మీద నుంచి మాయమయ్యాయి. గంటన్నర ముందు లేవక్కరలేదు, తాడు లాగితే చాలు. సరంగు, కలాసీ అన్న మాటలు మాత్రం మిగిలాయి. 1941లో హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త ఈ ఒడ్డున కొండరెడ్ల మధ్య తిరిగి, కలప, వెదురు వ్యాపారుల అప్పుల్లో వాళ్ళు ఎలా ఇరుక్కున్నారో రాశాడు. 1945లో ఆ పుస్తకం అచ్చయింది. అంటే ఆవిరి పోయినా నది మీద సరుకు దిగడం ఆగలేదు, మనవాళ్ళ అప్పు తీరడమూ జరగలేదు. ఇప్పుడు పోలవరం కాఫర్ డ్యామ్ వెనక నీరు నిలిచి దేవీపట్నం వైపు ఊళ్ళు మునిగాయి. ఆ ఊళ్ళ వాళ్ళు పునరావాస కాలనీల్లో, నది కనబడని చోట ఉన్నారు. ఏ మలుపులో ఏముందో తెలిసిన ముసలివాళ్ళు ఇప్పుడు కాలనీ అరుగుల మీద కూర్చుంటున్నారు. నది మారిపోయింది కనుక వాళ్ళకు తెలిసినది ఇక పనికిరాదని కొందరు అంటారు. మేము ఒప్పుకోం. ఈ ఏడు సెలవుల్లో కాగితం, పెన్ను పట్టుకుని వాళ్ళ దగ్గర కూర్చోవాలని అనుకున్నాం. ఒడ్డు పేర్లు, మందాల పేర్లు, పాత రేవుల పేర్లు రాసుకోవడానికి. పొగ ఓడ గురించి తాతల దగ్గర విన్న మాట ఒక్కటి దొరికినా మాకు చాలు. మీ ఇళ్ళలో ఉంటే పంపండి.

రైస్ మిల్లులో పనిచేసిన మా వాడు ఈసారి రెండో తరగతి పరీక్షకు కడుతున్నాడు. సాయంత్రాలు మా గది గోడ మీద సుద్దతో బాయిలర్ బొమ్మ వేసి, మిగతావాళ్ళకు చెబుతూ చదువుకుంటున్నాడు. బొమ్మలో ముందు గీసేది గాజు గొట్టం. దాని కింద కుళాయి.